సెల్లర్ డిస్‌క్లోజర్ మీద సంతకం పెట్టే ముందు (టెక్సాస్)

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. మెకిన్నీలో 2005లో కట్టిన ఇంటికి కాంట్రాక్టు అయింది, 5 రోజుల ఆప్షన్ (ఫీజు కట్టి కొనుక్కునే, కారణం చెప్పకుండా తప్పుకునే గడువు). రెండు రోజుల తర్వాత సెల్లర్ డిస్‌క్లోజర్ (ఇంటి గురించి తనకు తెలిసిన లోపాలు అమ్మేవాళ్లు రాసిచ్చే నోటీసు) వచ్చింది. అందులో ఫౌండేషన్ రిపేర్ చేయించామని ఒక్క ముక్క రాసి వదిలేశారు, మిగతా లోపాలన్నిటికీ "నో", సామాన్ల దగ్గర సగం "తెలియదు". ఏజెంట్ డాక్యుసైన్ పంపి సంతకం పెట్టేయమంటున్నారు, పెడితే అన్నిటికీ ఒప్పుకున్నట్టేనా అని మీ భయం. ఇది అయ్యాక మీ ఇర్వింగ్ టౌన్‌హోం అమ్మాలి. అందులో 2021 ఫిబ్రవరి చలికి పైపు పగిలి సీలింగ్ మార్పించారు, అది ఫారంలో రాయాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. నేను లాయర్ని కాదు, ఈ కాగితాల మధ్య చాలా ఏళ్లుగా పనిచేస్తున్నవాణ్ణి, ఆ లెక్కన చదవండి.

ముందు సంతకం సంగతి. కొనేవాళ్లు ఆ ఫారం చివర పెట్టే సంతకానికి అర్థం "ఇది నాకు అందింది" అని మాత్రమే. అందులో రాసినవన్నీ నమ్మాననో, ఆ ఫౌండేషన్‌తో నాకేం ఇబ్బంది లేదనో కాదు. కాబట్టి పెట్టొచ్చు. కాకపోతే తేదీ చూసుకుని పెట్టండి, నిజంగా మీకు అందిన రోజే అక్కడ ఉండాలి, తొందరలో కాంట్రాక్టు తేదీ వేసి పంపితే మార్చమనండి. ఆ తేదీ మీద మీకో హక్కు ఆధారపడి ఉంది, అడక్కపోతే ఎవరూ చెప్పరు.

కాంట్రాక్టు తీసి 7బి పేరా చూడండి. మూడు గడులుంటాయి: నోటీసు అందింది అని ఒకటి, ఇంకా అందలేదు ఇన్ని రోజుల్లో ఇస్తారు అని ఒకటి, ఈ సెల్లర్ ఇవ్వాల్సిన పని లేదు అని ఒకటి. మీ కథ ప్రకారం రెండోది టిక్ అయి ఉండాలి. అలా అయితే నోటీసు చేతికొచ్చిన రోజు నుంచి 7 రోజుల్లోపు, క్లోజింగ్ (చివరి సంతకాలై ఇల్లు చేతులు మారే రోజు) ఇంకా ముందే ఉంటే అప్పటిదాకా, ఏ కారణమూ చెప్పకుండా కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు, ఎర్నెస్ట్ మనీ (కాంట్రాక్టప్పుడు కట్టిన అడ్వాన్సు) వెనక్కి వస్తుంది. మీరు డబ్బు కట్టి కొనుక్కున్న ఆప్షన్ పీరియడ్‌కి ఇది అదనం. ఆప్షన్ 5 రోజులు అయిపోయినా ఈ 7 రోజులు విడిగా నడుస్తుంటాయి, కాబట్టి ఇన్‌స్పెక్టర్ వచ్చి వెళ్లాక ఇంజనీర్‌ని కూడా పిలవడానికి మీకు వెసులుబాటు ఉంది. ఒకవేళ మొదటి గడి టిక్ అయి ఉంటే మాత్రం, అందని నోటీసు అందిందని మీరు సంతకం పెట్టేశారన్నమాట. అప్పుడు నోటీసు వచ్చిన మెయిల్ దాచిపెట్టుకుని ఈరోజే మీ ఏజెంట్ పైనున్న బ్రోకర్‌తో మాట్లాడండి.

ఇక ఫారం. టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 5.008 సెక్షన్ కింద 1994 నుంచి, ఒకే కాపురానికి సరిపడే ఇల్లు అమ్మేవాళ్లు ఈ నోటీసు రాతపూర్వకంగా ఇవ్వాలి. రెండు రకాలు తిరుగుతుంటాయి, టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్‌ది ఒకటి, రియల్టర్ల అసోసియేషన్‌ది ఇంకొకటి. రెండోది కాస్త పొడుగు, ప్రశ్నలు కూడా ఎక్కువ అడుగుతుంది, నాకు అదే నచ్చుతుంది. కొన్ని అమ్మకాలకు అసలు అక్కర్లేదు: జప్తు చేసి అమ్మేవి, చనిపోయినవాళ్ల ఎస్టేట్ తరఫున అమ్మేవి, భార్యాభర్తల మధ్య జరిగేవి, ఇంతవరకూ ఎవరూ కాపురం ఉండని కొత్త ఇళ్లు. ఈ చివరిదాని వల్లే మనవాళ్లలో చాలామందికి ఈ కాగితం కొత్త. ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా వైపు బిల్డర్ దగ్గర లాట్ ఎంచుకుని, తూర్పు ముఖమా ఉత్తర ముఖమా చూసుకుని కట్టించుకున్నవాళ్లకి ఇది ఎదురే పడదు. మొదటిసారి పాత ఇల్లు కొన్నప్పుడో, తమ ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడో చూస్తారు.

ఇంకో అలవాటు కూడా అడ్డొస్తుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొంటే మన ధ్యాసంతా టైటిల్ మీదే. ఈసీ తీయిస్తాం, లింక్ డాక్యుమెంట్లు లాయర్‌కి చూపిస్తాం, గోడలో చెమ్మ ఉందా లేదా అన్నది గృహప్రవేశం అయ్యాక తెలుస్తుంది. అక్కడి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్‌లోనూ, తనకు తెలిసిన, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపాన్ని అమ్మేవాడు చెప్పాలనే ఉంది, కానీ దానికి ఇలా గడులున్న ఫారం లేదు, ఎవరూ అడగరు. ఇక్కడ తిరగేసి ఉంటుంది. టైటిల్ పని టైటిల్ కంపెనీ చూసుకుంటుంది, మీరు బుర్ర పెట్టాల్సింది ఇంటి మీద.

ఇప్పుడు అసలు కిటుకు. ఫారం పైభాగాన్నే రాసి ఉంటుంది, ఇది సంతకం పెట్టిన రోజు నాటికి అమ్మేవాడికి తెలిసిన సంగతి మాత్రమే, ఇన్‌స్పెక్షన్‌కి బదులు కాదు, వారంటీ కాదు అని. దాన్ని ఎవరూ చదవరు. కింద లోపాల పట్టికలు చూడండి, అక్కడ "ఈ లోపం ఉందా" అని అడగరు, "ఈ లోపం గురించి మీకు తెలుసా" అని అడుగుతారు. "నో" అంటే "నాకు తెలియదు" అని. పైకప్పు కారడం లేదని ఆయన మీకు హామీ ఇవ్వలేదు, కారుతున్నట్టు తనకు తెలియదన్నాడు, అంతే. ఆ ఇల్లు అద్దెకిచ్చి తను ఎప్పుడూ ఉండని ఓనరైతే ఆ "నో"కి ఇంకా విలువ తక్కువ. ఫారం మొదట్లోనే సెల్లర్ ఆ ఇంట్లో ఉంటున్నాడా లేదా, లేకపోతే ఎన్నాళ్లయింది అని ఒక గీత ఉంటుంది, నేను అన్నిటికంటే ముందు చూసేది అదే. మీరు ఆ గీతలో ఏముందో రాయలేదు. సామాన్ల దగ్గర సగం "తెలియదు" అన్నాడంటే మాత్రం ఇది అద్దె ఇల్లేమోనని నా అనుమానం. పదేళ్లు కాపురం ఉన్న మనిషికి స్ప్రింక్లర్ పనిచేస్తుందో లేదో తెలియకుండా ఉంటుందా?

అందుకే ఈ ఫారాన్ని జవాబుల కాగితంలా కాకుండా ప్రశ్నలు తీసుకునే కాగితంలా చదవండి. ఒక గడి ఇంకో గడితో ఎక్కడ పొసగడం లేదు, అదే వెతకాలి. మీ ఇంటికే చూద్దాం.

ఫౌండేషన్ రిపేర్ అనగానే పారిపోవక్కర్లేదు. డాలస్ చుట్టుపక్కల నల్లరేగడి లాంటి బంకమట్టి, వాన పడితే నానబెట్టిన మినప్పప్పులా ఉబ్బుతుంది, జూలై ఆగస్టుల్లో ఎండకి కుంచించుకుపోయి బీటలిస్తుంది, దాని మీద స్లాబ్ ఇళ్లు (నేల మీదే పోసిన కాంక్రీటు పలక మీద కట్టినవి) కదలకుండా ఎలా ఉంటాయి. 20 ఏళ్ల ఇంటికి పియర్లు (ఫౌండేషన్ కింద దించే ఆధార స్తంభాలు) వేయించారంటే అందులో వింతేమీ లేదు, పైగా వేయించి రాసినవాడు వేయించకుండా పగుళ్లకి రంగు కొట్టినవాడికంటే నయం. మీరు అడగాల్సింది కాగితాలు. ఎన్ని పియర్లు, ఏ వైపు, ఏ సంవత్సరం, ఉక్కువా కాంక్రీటువా అన్నది కంపెనీ ఇచ్చిన డ్రాయింగ్‌లో ఉంటుంది. రిపేరుకి ముందూ తర్వాతా తీసిన ఎలివేషన్ కొలతలు (ఫ్లోర్ ఎక్కడ ఎంత ఎత్తుపల్లంగా ఉందో చూపేవి) ఉన్నాయా. సిటీ పర్మిట్ తీసుకున్నారా. లైసెన్స్ ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీర్ లెటర్ ఉందా, లేక రిపేర్ కంపెనీ సేల్స్‌మన్ రాసిందేనా.

అన్నిటికంటే ముఖ్యంగా, స్లాబ్ పైకి లేపాక కింద డ్రెయిన్ పైపులకి హైడ్రోస్టాటిక్ టెస్ట్ (పైపుల్లో నీళ్లు నింపి మట్టం తగ్గుతుందా అని చూసే పరీక్ష) చేశారా అని అడగండి. స్లాబ్‌ని జాకీలతో లేపినప్పుడు దాని కింద ఉన్న పాత పైపు జాయింట్లు విరగొచ్చు. ఆ లీకు ఎవరికీ కనపడదు, ఆ నీళ్లు మళ్లీ అదే మట్టిని ఉబ్బించి మళ్లీ అదే మూల లేపుతాయి. టెస్ట్ కాగితం లేదంటే మీ ఖర్చుతోనే ఒక ప్లంబర్‌ని పిలిచి చేయించండి, ఇది బేరమాడే చోటు కాదు. లైఫ్‌టైమ్ వారంటీ ఉందని లిస్టింగ్‌లో గొప్పగా రాస్తారు, కానీ ఆ వారంటీ సాధారణంగా వాళ్లు వేసిన పియర్లకే, ఇంటి అవతలి వైపు కుంగితే వాళ్లకి సంబంధం ఉండదు, పైగా కొత్త ఓనర్ పేరు మీదకి మార్చుకోవడానికి ఫీజూ గడువూ ఉంటాయి. క్లోజింగ్ హడావుడిలో ఆ గడువు దాటేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

మీ ఫారంలో పొసగనిది ఇక్కడే ఉంది. ఫౌండేషన్ రిపేర్ "యస్", కానీ మట్టి కదలిక "నో", డ్రైనేజ్ సమస్య "నో", గోడలు, తలుపులు, ఫ్లోర్లలో లోపాలు "నో", ప్లంబింగ్ "నో". మట్టి కదలకుండా, గోడ పగలకుండా, తలుపు బిగుసుకోకుండా ఫౌండేషన్ కంపెనీని ఎవరు పిలుస్తారు? అబద్ధమని అనను, బహుశా "ఇప్పుడు లేదు" అనే ఉద్దేశంతో రాసి ఉంటారు. కానీ రాతలో అడగండి, ఏం చూసి రిపేర్ చేయించారు అని. వచ్చే జవాబు సగం కథ చెప్పేస్తుంది.

పైకప్పు. వయసు రాసే గీత ఉంటుంది, సుమారుగా అని. ఈ ఏరియాలో వడగళ్ల వానలకి రూఫ్ మార్చడం మామూలే కాబట్టి ఇన్‌వాయిస్ అడగండి. రియల్టర్ల ఫారంలో ఒక మంచి ప్రశ్న ఉంది, డ్యామేజ్‌కి క్లెయిమ్ డబ్బు తీసుకుని రిపేర్ చేయించకుండా వదిలేశారా అని. అలా చేసేవాళ్లు ఉన్నారు మరి. ఆ ఇంటి ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్ర క్లూ రిపోర్ట్ అనే రికార్డులో సుమారు 7 ఏళ్లది ఉంటుంది. దాన్ని మీరు తీయలేరు, ఓనర్ తన పేరు మీద ఏడాదికోసారి ఉచితంగా తెప్పించుకోవచ్చు, కాబట్టి తెప్పించి ఇవ్వమని అడగాలి. ఇవ్వనంటే ఇవ్వనన్నాడని గుర్తుపెట్టుకోండి.

వరద ప్రశ్నలు మీ మెకిన్నీ ఇంటికి పెద్దగా పట్టవు, ఫీమా (కేంద్ర విపత్తు సహాయ సంస్థ) ఫ్లడ్ మ్యాప్‌లో అడ్రస్ కొట్టి చూసుకుంటే చాలు. హ్యూస్టన్ వైపు, ముఖ్యంగా కేటీలో కొనేవాళ్లు మాత్రం ఆ పేజీ ఒకటికి రెండుసార్లు చదవాలి. 2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్ల వెనక కట్టిన కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి, అందులో చాలామందికి తమ ఇల్లు రిజర్వాయర్ నీళ్లు నిలిచే చోట ఉందనే తెలియదు. ఆ తర్వాతే చట్టం మార్చి 2019 సెప్టెంబర్ 1 నుంచి ఫ్లడ్ పూల్‌లో (రిజర్వాయర్ నీళ్లు నిలిచే చోట) ఉందా, 500 ఏళ్ల వరద మైదానంలో (చాలా అరుదైన పెద్ద వరదకి మునిగే చోట) ఉందా, ఎప్పుడైనా ఇంట్లోకి నీళ్లొచ్చాయా, ఫ్లడ్ క్లెయిమ్ వేశారా, ఫీమా సాయం తీసుకున్నారా అని విడివిడిగా అడగడం మొదలుపెట్టారు.

ఫారంలో దొరకనివి కూడా కొన్ని ఉన్నాయి. ఇంట్లో ఎవరైనా సహజంగానో, ఆత్మహత్య వల్లో, ఇంటి స్థితితో సంబంధం లేని ప్రమాదం వల్లో చనిపోతే టెక్సాస్‌లో చెప్పాల్సిన బాధ్యత లేదు, చట్టంలోనే ఆ మాట ఉంది. హత్య ఆ మినహాయింపులో లేదు. మనవాళ్లకి ఇది పట్టింపు విషయమని నాకు తెలుసు, కాలిఫోర్నియాలో అయితే గత 3 ఏళ్లలో జరిగిన మరణం చెప్పాలి. పట్టింపు ఉంటే సూటిగా అడిగేయండి, పక్కింటివాళ్లని అడిగితే ఇంకా త్వరగా తెలుస్తుంది. మడ్ ట్యాక్స్ (నీళ్లు, మురుగు సౌకర్యాల కోసం కట్టే పన్ను), పిడ్ (కాలనీ సౌకర్యాల కోసం వేసే అదనపు వసూలు) లాంటివి వేరే నోటీసుల్లో వస్తాయి. హెచ్‌ఓఏ (కాలనీ ఓనర్ల సంఘం) ఉందో లేదో ఫారంలో ఉంటుంది గానీ, దాని దగ్గర ఎంత డబ్బుంది, ఏ కేసులున్నాయి అన్నది రీసేల్ సర్టిఫికెట్‌లో చూసుకోవాలి.

ఇక మీ టౌన్‌హోం. రాయండి, సందేహమే వద్దు. "వరద వల్ల కాని నీటి డ్యామేజ్" అని ఫారంలో అచ్చంగా దాని కోసమే ఒక గడి ఉంది. 2021 చలికి పైపులు పగిలిన ఇళ్లు టెక్సాస్ అంతటా ఉన్నాయి, కొనేవాడు దాన్ని చూసి బెదరడు. "ఫలానా నెలలో పైపు పగిలింది, పై బెడ్‌రూమ్ సీలింగ్, ఇన్సులేషన్ మార్పించాం, ఇన్సూరెన్స్ చెల్లించింది, బిల్లు జతచేశాం" అని నాలుగు ముక్కలు రాసి బిల్లు పెడితే అది లోపంగా కాదు, పని చేయించినట్టు కనిపిస్తుంది. రాయకపోతే? క్లెయిమ్ రికార్డులో ఉంది, ప్లంబర్‌కి తెలుసు, పక్కవాళ్లకి తెలుసు, కొత్త షీట్‌రాక్ (జిప్సం బోర్డు) అతుకు ఇన్‌స్పెక్టర్‌కి టార్చ్ వేయగానే కనిపిస్తుంది.

కాంట్రాక్టులో "యాజ్ ఈజ్" అని ఉంది కదా అంటారు కొందరు. టెక్సాస్ స్టాండర్డ్ కాంట్రాక్టులో ఆ మాట ఎప్పుడూ ఉండేదే, కానీ తెలిసి దాచినవాణ్ణి అది కాపాడదు, రాష్ట్ర సుప్రీంకోర్టు 1995లోనే ఆ సంగతి తేల్చింది. తెలిసి చేశాడని రుజువైతే నష్టానికి మూడింతల దాకా కట్టించే వినియోగదారుల చట్టం కూడా ఉంది.

మన ఇళ్లలో మామూలుగా దొరికిపోయే ఇంకో గడి, పర్మిట్ లేకుండా చేసిన మార్పులు. తాలింపు వాసన ఇంట్లోకి రాకుండా గరాజ్‌లోనో వెనక ప్యాటియోలోనో గ్యాస్ లైన్ లాగించి స్టవ్ పెట్టించుకుంటాం, తెలిసినవాళ్ల పనివాడు ఒక పూటలో చేసి వెళ్తాడు. అది పర్మిట్ కావాల్సిన పని. ప్యాటియోకి పైకప్పు వేయించి అద్దాలు బిగించినా, గేమ్ రూమ్‌ని రెండుగా చేసి పూజగది కట్టించినా సిటీ రూల్స్ చూసుకోవాలి. ఏం చేయించారో ఉన్నదున్నట్టు రాయండి, లేదా లిస్టింగ్‌కి ముందే లైసెన్స్ ఉన్న ప్లంబర్‌తో తీయించేయండి.

ఫారం మీరే నింపండి, మీ ఏజెంట్ చేత నింపించొద్దు, భార్యాభర్తలిద్దరూ కూర్చుని నింపితే ఇంకా మంచిది, ఒకరు మర్చిపోయింది ఇంకొకరికి గుర్తుంటుంది. నిజంగా తెలియకపోతే తెలియదని రాయడం చట్టానికి సరిపోతుంది, కానీ టెనెంట్ మూడేళ్ల క్రితం "ఏసీ దగ్గర నీళ్లు కారుతున్నాయి" అని మెయిల్ పెట్టి ఉంటే మీకు తెలిసినట్టే లెక్క. అలాగే మొదటి బయ్యర్ ఇన్‌స్పెక్షన్ చేయించి వెనక్కి తగ్గి ఆ రిపోర్ట్ మీకు పంపితే, చదివిన క్షణం నుంచి అందులోవి మీకు తెలిసిన లోపాలు. రెండో బయ్యర్‌కి పాత ఫారమే ఇవ్వకండి, సవరించి ఇవ్వండి. రియల్టర్ల ఫారం గత 4 ఏళ్ల ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు జతచేయమని కూడా అడుగుతుంది.

ఇది టెక్సాస్ మాట. వేరే రాష్ట్రంలో ఉన్న అన్నయ్యో బావగారో చెప్పింది ఇక్కడ పట్టుకోకండి. న్యూయార్క్‌లో 2024 మార్చి దాకా అమ్మేవాళ్లు ఫారం ఇవ్వకుండా 500 డాలర్లు తగ్గించి చేతులు దులుపుకునేవాళ్లు, ఇప్పుడది కుదరదు. ఏ రాష్ట్రమైనా 1978కి ముందు కట్టిన ఇంటికి సీసం రంగు నోటీసు మాత్రం ఫెడరల్ చట్టం కింద తప్పనిసరి, మీ రెండు ఇళ్లకీ అది వర్తించదనుకుంటా.

ఈరోజు మీరు చేయాల్సింది ఒక మెయిల్. మీ ఏజెంట్ ద్వారా సెల్లర్ ఏజెంట్‌కి: పియర్ల డ్రాయింగ్, వారంటీ కాగితం, హైడ్రోస్టాటిక్ టెస్ట్, పర్మిట్ నంబర్, రూఫ్ ఇన్‌వాయిస్, క్లూ రిపోర్ట్, పాత ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు, సెల్లర్ ఆ ఇంట్లో ఎప్పటిదాకా ఉన్నారు. ఫోన్‌లో చెబుతామంటే వద్దనండి, రాతలో కావాలి. ఈలోపు ఇంజనీర్‌ని బుక్ చేసుకోండి, జవాబులొచ్చాక కాదు ఇప్పుడే. రద్దు చేసుకోవాల్సి వస్తే ఆప్షన్ గడువు ఆఖరి రోజు సాయంత్రం 5 గంటలకే ముగుస్తుంది, అర్ధరాత్రికి కాదు, ఆ నోటీసు కూడా రాతలోనే వెళ్లాలి. కాగితాలు వచ్చాక పేర్లు, అడ్రస్ తీసేసి ఇక్కడ పెట్టండి, ఎలివేషన్ కొలతలు నేను కూడా చూస్తాను.